తెల్లగా మెరిసే గులకరాళ్లు

ఆకులు రాలే కాలంలో ట్రౌట్ చేపల కోసం కొండవాగుకు వెళ్లేటప్పుడు తెల్లవారకముందే లేవడం మానేసి చాలా ఏళ్లయింది. ఎండాకాలం సంగతి వేరు. అప్పుడు వెలుగు రాగానే వాగులో ఉండాలి. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కు ఊపిరి ఆడదు. ఆ స్థితిలో దాన్ని గాలానికి తగిలించి అలసిపోయేలా ఆడించడం పాపమే. ఈ కాలంలో లెక్క తిరగబడుతుంది. రాత్రి చలికి బిగుసుకున్న వాగు, ఎండ లోయలోకి దిగి కాసేపు కాస్తే గానీ తేరుకోదు. నా చొక్కా జేబులో తాడు కట్టిన చిన్న థర్మామీటర్ ఒకటి ఉంటుంది. మొన్న ఉదయం తొమ్మిదింటికి అది 6 డిగ్రీలు చూపించింది, పదకొండున్నరకు 9. ఆ రోజు నా వేటంతా ఆ మూడు డిగ్రీల పుణ్యమే.

అంతవరకు ఏం చేశానంటే, ఒక బండ మీద కూర్చుని నీటిని చూశాను. పురుగులా కట్టిన గాలంతో (దాన్నే ఫ్లై అంటారు) చేపలు పట్టే ఫ్లై ఫిషింగ్‌లో ఇది కూడా పనే అని ఇంట్లో వాళ్లను ఇప్పటికీ నమ్మించలేకపోయాను.

వాగు సన్నబడింది. వేసవిలో నడుము దాకా వచ్చిన మడుగు ఇప్పుడు మోకాలి కింద ఉంది, అడుగున ఉన్న ప్రతి రాయీ లెక్కపెట్టేంత తేటగా ఉంది. మనకు చేప కనబడుతోందంటే దానికీ మనం కనబడతాం. నీటిలోంచి పైకి చూసే ట్రౌట్‌కు బయటి లోకమంతా ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. అడుగు లోతులో ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు సుమారు రెండుంపావు అడుగులు. కాంతి నీటిలోకి దిగేటప్పుడు వంగుతుంది కాబట్టి ఒడ్డున తక్కువ ఎత్తులో ఉన్నవన్నీ కిటికీ అంచున నలిగిపోయి, దాదాపు లేనట్టే ఉంటాయి. నిలబడ్డ మనిషి మాత్రం చెట్టంత కనిపిస్తాడు. నా ప్యాంట్లన్నీ మోకాళ్ల దగ్గరే చిరగడానికి కారణం ఇదే. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలుస్తుంది. అందుకని దిగువ నుంచి, దాని వెనుకగా, పాకినట్టు వెళ్లాలి.

నా రాడ్, అంటే గాలపు కర్ర, ఏడున్నర అడుగులది. 3 వెయిట్ అనే తేలికరకం లైనుకు, అంటే దారానికి, సరిపోయేది. ఫ్లైకి బరువుండదు. ముల్లుకు చుట్టిన నాలుగు ఈకలు, కాస్త బొచ్చు, అంతే. దాన్ని దూరం మోసుకుపోయేది లైను బరువే. చివర కట్టే సన్నటి దారం, టిప్పెట్, మామూలుగా 5ఎక్స్, అంటే 0.15 మిల్లీమీటర్ల మందం. ఈ కాలంలో 6ఎక్స్ కడతాను. అంకె పెరిగితే దారం సన్నబడుతుందన్నమాట. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గానీ, మొదటి ఏడాది నన్ను బాగా తికమక పెట్టాడు.

ఫ్లైల విషయంలో నేను పిసినారిని. డబ్బాలో అరవై ఉన్నా వాడేది మూడే. ఒకటి ఆడమ్స్. 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే అనే ఆయన కట్టి, దాన్ని ముందుగా వాడిచూసిన చార్లెస్ ఆడమ్స్ పేరే దానికి పెట్టాడు. బూడిదరంగు ఒళ్లు, చారల ఈకలు. ఏ పురుగునూ అచ్చంగా పోలదు, అన్నింటినీ కాస్త కాస్త పోలుతుంది. రెండోది నల్ల చీమ. ఎండ కాసినంత సేపూ ఒడ్డున చెట్ల మీంచి చీమలు, పెంకు పురుగులు నీళ్లలో రాలుతూనే ఉంటాయి. మూడోది ఆలివ్ రంగు చిన్న మేఫ్లై, నీటిలో పుట్టే ఒక రెక్కల పురుగు పోలికలో కట్టింది. మబ్బు పట్టి చినుకులు పడే మధ్యాహ్నాల్లో, మనం ఇంటికి పోదామనుకునే వేళకే, అసలు మేఫ్లైలు నీటి మీదికి తేలుతాయి.

ఇక ఆకులు. ఈ కాలంలో నేను పట్టిన వాటిలో చేపల కంటే ఆకులే ఎక్కువ. ఒక్కోటి గాలానికి తగిలి, ప్రవాహంలో పడగలా విచ్చుకుని, అరక్షణం పాటు పెద్ద చేపేమో అని గుండె ఝల్లుమనిపిస్తుంది. తిట్టుకుంటూ తీసి పారేస్తాను. కానీ వాటి వల్ల ఒక మేలు కూడా ఉంది. లైనును ప్రవాహం లాగితే ఫ్లై నీటి మీద గీత గీస్తూ జారుతుంది. కొట్టుకొచ్చే పురుగు మామూలుగా అలా వెళ్లదు, కాబట్టి చేప నమ్మదు. పక్కనే ఆకు తేలుతుంటే తప్పు వెంటనే తెలిసిపోతుంది. ఆకును ఫ్లై దాటేసిందా, ట్రౌట్ దాని వైపు కన్నెత్తి చూడదు.

పన్నెండు దాటాక, బండకూ ఒడ్డుకూ మధ్య ఉన్న సన్నటి పాయలో, ఒక పసుపు ఆకుకు రెండు జానల అవతల నా చీమ తేలుతోంది. ఆకు, చీమ కలిసి వచ్చాయి. ఆకు ముందుకు సాగింది, చీమ లేదు. నీటి మీద వాన చినుకు పడినంత గుండ్రం మాత్రం మిగిలింది. రాడ్ ఎత్తాను.

ఎనిమిది అంగుళాల మగ బ్రౌన్ ట్రౌట్. పెద్దదేం కాదు, ఇంత చిన్న వాగులో అంతకంటే పెద్దవి అరుదు. చేతులు ముందే తడుపుకున్నాను. పొడి చేయి తగిలితే దాని ఒంటి మీది జిగురు ఊడి, అక్కడ బూజు పడుతుంది. నీళ్లలోనే దాన్ని పక్కకు తిప్పి చూశాను. కడుపు పండిన మామిడి రంగు. పక్కల మీద ఎర్రటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ ఎవరో సన్నటి కుంచెతో గీసినట్టు లేత వలయం. కింది దవడ కొన అప్పుడే పైకి వంగడం మొదలుపెట్టింది. జత కట్టే కాలం దగ్గరపడిందని దానర్థం. వెనుక ముల్లు లేని గాలం కాబట్టి వేలితో నెట్టగానే ఊడి వచ్చింది. మొప్పలు రెండుసార్లు ఆడించి, నా చేతిలోంచి జారి బండ కిందికి వెళ్లిపోయింది.

ఆ దవడ చూశాక ఇంక ఎగువకు వెళ్లే ముందు జాగ్రత్త పడ్డాను. దానికో కథ ఉంది. చాలా ఏళ్ల కిందట ఇలాంటి కాలంలోనే, పాచి పట్టిన రాళ్ల మీద జారుతూ నడవలేక, వాగు మధ్యలో తెల్లగా, శుభ్రంగా కనిపించిన గులకరాళ్ల మీద హాయిగా నిలబడి గాలం వేస్తున్నాను. ఒడ్డున నడుస్తున్న ఒక పెద్దాయన ఆగి, గొంతు పెంచకుండానే, "బాబూ, ఆ తెల్లరాళ్ల మీంచి కొంచెం దిగండి. మీ కాళ్ల కింద గుడ్లున్నాయి" అన్నారు. దిగడానికి కూడా ఎటు అడుగు వేయాలో తెలియక ఒంటికాలి మీద నిలబడిపోయాను.

బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది ఈ కాలంలోనే. రెయిన్‌బో ట్రౌట్ అయితే ఎక్కువగా వసంతంలో పెడుతుంది. ఆడచేప గులకలను తోకతో చెదరగొట్టి గుంట చేస్తుంది. అలా తిరగబడిన రాళ్లకు పాచి ఉండదు కాబట్టి మెరుస్తాయి. ఆ గుంటను రెడ్ అంటారు. పేరుకే రెడ్, రంగు ఎరుపు కాదు. గుడ్లు బెత్తెడు, జానెడు లోతున రాళ్ల సందుల్లో ఉంటాయి. నీరు 5 డిగ్రీల దగ్గరుంటే అవి పొదగడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. పిల్లలు వచ్చాక కూడా కొన్ని వారాలు ఆ రాళ్ల కిందే ఉంటాయి. ఒక్క బూటు అడుగు వాటికి చాలు. చాలా చోట్ల ఈ కాలంలో ట్రౌట్ వేటను ఆపేస్తారు. ఆపని చోట కూడా నిబంధనలు చూసుకునే వెళ్తాను. నిబంధనల్లో గులకరాళ్ల ప్రస్తావన లేకపోయినా వాటి జోలికి పోను.

మొన్న ఎగువ మడుగు తోక దగ్గర, నీరు పలచబడి వేగం అందుకునే చోట, దుప్పటంత మేర రాళ్లు తెల్లగా కనిపించాయి. బోర్లా పడుకుని ఒడ్డు అంచు దాకా పాకాను. మొదట నీడలు కనబడ్డాయి, తర్వాత చేపలు. ఆడచేప నిలకడగా ఉంది. ఉన్నట్టుండి పక్కకు వాలి, వెండిలా తళుక్కుమని, తోకను అయిదారుసార్లు టపటపా కొట్టింది. ఇసుక పొగలా లేచి దిగువకు కొట్టుకుపోయింది. మళ్లీ గుంట దగ్గరికి వచ్చి, కింది రెక్కను రాళ్ల సందులోకి దించి చూసుకుంది, లోతు కొలుస్తున్నట్టు. వెనుక మగచేప ఇంకో చిన్న మగదాన్ని తరుముతూనే ఉంది. మళ్లీ వాలింది, మళ్లీ కొట్టింది.

గాలం పరిధిలోనే ఉన్నాయి. రాడ్ నా పక్కన గడ్డిలో ఉంది. గంట సేపు అక్కడే పడుకుని ఉన్నాను. మోచేతులు తిమ్మిరెక్కాయి, ఎండ మడుగు మీంచి తప్పుకుంది. లేచి లైను చుట్టేసి, ఈసారి వాగులో దిగకుండా ఒడ్డున ముళ్ల పొదల్లోంచే వెనక్కి నడిచాను. చొక్కా రెండు చోట్ల చిరిగింది.