మూడు మాత్రల గుంపు

క్షయ అని తేలినప్పుడు నాకు ముందుగా భయం వెయ్యలేదు. కాస్త తెరిపిన పడ్డట్టు అనిపించింది. అప్పటిదాకా నా జబ్బుకి ఒక్కొక్కరూ ఒక్కో పేరు పెట్టారు. ఊళ్లో ఒక ప్రైవేటు డాక్టరు ఎలర్జీ దగ్గని సిరప్పులు రాశాడు. ఇంకొకాయన టైఫాయిడ్ అన్నాడు. మా పెద్దత్తయితే "దానికి చిన్నప్పట్నుంచీ టెన్షన్ ఎక్కువ, ఏదైనా మనసులో పెట్టేసుకుంటుంది" అని తేల్చేసింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. తెల్లారి లేచేసరికి దిండు గలేబు చెమటతో తడిసి ఉండేది. జాకెట్లు వదులైపోయాయి. చివరికి మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త దీదీ నా దగ్గు విని, "రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించాల్సిందే" అని పట్టుబట్టింది.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, రెండూ కలిపి తిట్టుకోవడం మాకు అలవాటే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఎస్టేటులో కొంత భాగం ఇటొచ్చింది, మిగతాది మద్రాసు వైపే ఉండిపోయింది. అందుకే పక్కనున్న పాతపట్నం ఆంధ్ర, మేం ఒడిశా. ఆటో ఎక్కితే కాసేపటి ప్రయాణం. కానీ జబ్బు చేస్తే మాత్రం ఆ గీత బాగా కనబడుతుంది. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పోదామా, బరంపురం పోదామా, మన కార్డు ఎక్కడ పనిచేస్తుంది అని ఇంట్లో రాత్రంతా చర్చ. నా అదృష్టం, క్షయ మందులు మా ఊళ్లోనే ఉచితంగా దొరికాయి, ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది.

పరీక్షకి మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. పొద్దున్నే పళ్లు తోముకోకముందే, గట్టిగా ఊపిరి పీల్చి, లోపల్నుంచి దగ్గి అందులో ఉమ్మాలి. ఉత్త లాలాజలం పనికిరాదు. పెరట్లో అరటి చెట్టు పక్కన నిలబడి దగ్గుతుంటే మా తమ్ముడు కిటికీలోంచి "ఇంకా లోపల్నుంచి రావాలక్కా" అని కోచింగ్ ఇచ్చాడు. ఆ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో నా పేరూ, ఒక నంబరూ రాశారు.

మందులు మొదలుపెట్టిన తొలి రోజుల్లో నన్ను మేడ మీది గదిలో ఉంచారు. కిటికీలన్నీ బార్లా తీసి, మూతికి మాస్కు కట్టుకుని. సరిగ్గా మందు పడితే మామూలుగా రెండు వారాలకల్లా ఇతరులకి అంటించే శక్తి చాలావరకు తగ్గిపోతుందని చెప్పారు. ఇంట్లో అందరికీ కూడా పరీక్షలు చేశారు. ఆ గదిలో కాలక్షేపానికి తమ్ముడు ఫోన్లో సినిమాలు వేసిచ్చాడు. వాటిలో ఒకటి 2014లో వచ్చిన 'డైవర్జెంట్'. వెరొనికా రాత్ నవల ఆధారంగా నీల్ బర్గర్ తీశాడు.

కథ క్లుప్తంగా ఇదీ. యుద్ధం తర్వాత మిగిలిన షికాగో నగరం, చుట్టూ పెద్ద కంచె. లోపలి జనాన్ని గుణాన్ని బట్టి ఐదు గుంపులు చేశారు: నిస్వార్థులు, శాంతపరులు, నిజం చెప్పేవాళ్లు, ధైర్యవంతులు, మేధావులు. పదహారేళ్లకి ఒక పరీక్ష. ఆ తర్వాత అందరి ముందూ అరచెయ్యి కోసుకుని, తమకి నచ్చిన గుంపు గిన్నెలో రక్తపు చుక్క వెయ్యాలి. ఇక జీవితమంతా అక్కడే. ఏ గుంపులోనూ ఇమడనివాళ్లు వీధిన పడతారు. బియాట్రిస్ అనే అమ్మాయికి మాత్రం పరీక్షలో ఒక్క గుణం తేలదు. ఆ సంగతి బయటపడితే ప్రాణాలకే ముప్పు.

రక్తపు చుక్క దగ్గర సినిమా ఆపేశాను. నా కఫం డబ్బా గుర్తొచ్చి నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది.

నన్నూ ఒక గుంపులో వేశారు మరి. క్షయ మందుల మోతాదు బరువుని బట్టి ఉంటుంది. 35 నుంచి 49 కిలోలదాకా ఉన్నవాళ్లకి రోజుకి మూడు మాత్రలు, 50 నుంచి 64 దాకా నాలుగు. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. రెండు నెలలయ్యాక అందులో ఒక మందు తీసేసి, మిగతా మూడూ ఇంకో నాలుగు నెలలు ఇస్తారు. నేను మూడు మాత్రల గుంపు. నర్సమ్మ ప్రతిసారీ నన్ను కాటా ఎక్కించేది. కిలో పెరిగితే నాకంటే ఆవిడే ఎక్కువ సంబరపడేది. బాగా తిని 50 దాటితే నన్ను తీసి పై గుంపులో వేస్తారు. ఇలా మనిషి మారినప్పుడల్లా మళ్లీ తూచి చూసే విభజన మీద నాకు కోపం లేదు. ఆ సినిమా ఊళ్లో లేనిది ఆ కాటానే. పదహారేళ్ల పిల్ల ఇరవై ఆరేళ్లకి ఎలా ఉంటుందో చూసేవాళ్లెవరూ లేరు.

మందులతో ఇంకో తమాషా. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వచ్చేసరికి అమ్మ గుండె జారిపోయింది. అది రిఫాంపిసిన్ రంగు, భయం లేదని ముందే చెప్పారు గానీ, కళ్లారా చూస్తే వేరు కదా. ఇథాంబ్యుటాల్ వల్ల కొంతమందికి చూపు మసకబారుతుందనీ, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే వెంటనే రమ్మనీ చెప్పారు. నాకు అదో చాదస్తం పట్టుకుంది. ఆ సినిమాలో ఒక్కో గుంపుకి ఒక్కో రంగు బట్టలు. మేధావులకి నీలం, నిస్వార్థులకి బూడిద రంగు, శాంతపరులకి ఎరుపు, పసుపు. రాత్రి పడుకోబోయే ముందు ఆ ముక్క పెట్టుకుని రంగులు సరిచూసుకునేదాన్ని. హీరోయిన్ రైల్లోంచి దూకుతుంటే నేను వెనకాలున్న వాళ్ల చొక్కాలు చూసేదాన్ని.

ధైర్యవంతులంటే కదిలే రైల్లోంచి దూకాలి, కాకులు మీద పడుతున్నా, గాజు తొట్టిలో నీళ్లు ముంచెత్తుతున్నా బెదరకూడదు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ సినిమాతో నా అసలు పేచీ వేరే. ఒకటికి మించి గుణాలుండడం ఆ అమ్మాయి ప్రత్యేకత అంటాడు. అంటే మిగతా ఊరంతా నిజంగానే ఒక్కో గుణంతో పుట్టిందా? గుంపులు తప్పని చెబుతూనే, ఆ అమ్మాయిలాంటివాళ్లని ఆరో గుంపుగా నిలబెట్టాడు. ఆ వరసలో తర్వాత వచ్చిన రెండు సినిమాలూ చూశాను గానీ, వాటిని గురించి చెప్పుకునేంత లేదు.

మా అమ్మని ఏ గిన్నె దగ్గర నిలబెడతారో చెప్పండి. కూరగాయలవాడు చిల్లర ఎక్కువిస్తే వీధి చివరిదాకా వెళ్లి తిరిగిచ్చే మనిషి. పాతపట్నం నుంచి నన్ను పెళ్లిచూపులు చూసుకోవడానికి వస్తామని అడిగినవాళ్లకి మాత్రం తొణక్కుండా, "టైఫాయిడ్ తిరగబెట్టిందండీ, పిల్ల నీరసంగా ఉంది" అని చెప్పింది. వాళ్లు పళ్లు పట్టుకుని పరామర్శకి వచ్చేశారు. అమ్మ అదే మాట మళ్లీ చెబుతుంటే మంచం మీంచి మామ్మ అందుకుంది: "టైపాయిడ్ ఏటే? టీబీ. మందులు మింగుతోంది, తగ్గిపోద్ది. రోగమే గానీ దొంగతనం కాదు కదా, దాపరికం ఏటి?"

వాళ్లు టీ తాగి, మర్యాదగానే వెళ్లారు. మళ్లీ రాలేదు. అమ్మ చాలా రోజులు మామ్మతో మాట్లాడలేదు, అన్నం మాత్రం వేళకి పెట్టింది.

పోనీ మామ్మ నిజాయితీ గుంపా? పలాస నుంచి ఎవరు జీడిపప్పు తెచ్చినా అది ఆవిడ ట్రంకుపెట్టెలోకే పోతుంది, అడిగితే అయిపోయిందంటుంది. నేను మంచాన పడ్డాక కూడా ఆ పెట్టె తెరుచుకోలేదు. కానీ మేడ మెట్లు ఎక్కలేని మనిషి రోజూ కింద మెట్టు మీద కూర్చుని, నేను మాత్రలు వేసుకున్నానని కేక వేస్తే గానీ లేచేది కాదు. పోషకాహారానికి ప్రభుత్వం నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకులో వేస్తుంది, 2024 నవంబరుకి ముందు అది 500 ఉండేది. ఆ డబ్బుతో కొన్న గుడ్లు లెక్కపెట్టే పని కూడా మామ్మే తీసుకుంది. తమ్ముడు ఒక గుడ్డు తింటే ఇల్లంతా దద్దరిల్లింది.

నాలుగు మాత్రల గుంపులోకి చేరకుండానే కోర్సు అయిపోయింది. కొంచెంలో తప్పింది. చివరి కఫం పరీక్షలో ఏమీ లేదు. రెండేళ్లదాకా ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. నేను పాఠాలు చెప్పే స్కూలుకి మళ్లీ వెళ్తున్నాను. మొదట్లో స్టాఫ్ రూమ్‌లో నా గ్లాసు విడిగా పెట్టేవారు, ఇప్పుడు ఏ గ్లాసు ఎవరిదో ఎవరికీ గుర్తులేదు.

ఈమధ్య గుణుపురం నుంచి ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి మామ్మ నోరు తెరవకముందే అమ్మే, గొంతు తగ్గించి అయినా, టీబీ వచ్చి నయమైందని చెప్పేసింది. వాళ్లు రిపోర్టు అడిగారు, వాట్సాప్‌లో పంపాను. అబ్బాయి మేనమామకి కూడా వచ్చి తగ్గిందట, దాంతో ఆ మాట మీద వాళ్లకి అభ్యంతరం లేదన్నారు. కాకపోతే నాది మూలా నక్షత్రం. మామగారికి మంచిది కాదని వాళ్ల పంతులుగారు అన్నారట, ప్రస్తుతం దాని మీద చర్చ నడుస్తోంది.