బ్రాకెట్ ముందున్న మైనస్

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన నేను, పంతొమ్మిదేళ్ల తర్వాత ఓపెన్ టెన్త్‌కి ఫీజు కట్టాను. పగలంతా మిషన్ మీద జాకెట్లు కుట్టడం, రాత్రి అన్నాలయ్యాక పుస్తకం తీయడం. తెలుగు, సోషల్‌తో పేచీ లేదు. లెక్కల్లో ‘బహుపదులు’ దగ్గర మాత్రం వారం రోజులు బండి కదల్లేదు.

ముందు నన్ను బెదరగొట్టింది తెలియని సంఖ్య బదులు రాసే ఆ ఎక్స్. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, "ఏ అక్షరమైనా ఒకటేనమ్మా, నీకు నచ్చింది పెట్టుకో" అంది. ‘క’ పెట్టుకున్నాను. (మన పాత గణితజ్ఞులు కూడా తెలియని రాశులకు రంగుల పేర్లు పెట్టి కాలకానికి, అంటే నలుపుకి ‘కా’, నీలకానికి, అంటే నీలానికి ‘నీ’ అని రాసుకునేవారట. విన్నాక ధైర్యం వచ్చింది.)

5క² ఒక పదం. అలాంటి పదాలను ప్లస్సు, మైనస్సులతో కలిపితే బహుపది. ఒక్క పదమే ఉంటే ఏకపది, రెండుంటే ద్విపది, మూడుంటే త్రిపది. ఘాతాంకం, అంటే క నెత్తిన ఉండే చిన్న అంకె, 0, 1, 2 ఇలాగే ఉండాలి. హారంలో క వస్తే అది బహుపది కాదు. ఇంతవరకు బట్టీ పట్టేశాను.

మొదటి కూడిక లెక్కే తప్పింది. 3క² + 2క ని 5క³ అని రాశాను. అమ్మాయి నవ్వలేదు, పాపం. "క అనేది ఒక పొడవు అనుకో. క² అంటే అంతే పొడవు, అంతే వెడల్పు ఉన్న గుడ్డ. క అంటే అంత పొడవు లేసు. మూడు గుడ్డముక్కలు, రెండు లేసులు కలిపి ఐదు ఏమిటని చెప్తావు?" అంది. నా పనితోనే నాకు చెప్పింది. సజాతి పదాలే, అంటే అదే అక్షరం, అదే ఘాతాంకం ఉన్నవే కలుస్తాయి. గుణకాలు, అంటే ముందున్న అంకెలు మారతాయి, ఘాతాంకం కదలదు.

నిలువు వరుసలో రాస్తే ఇంకా తేలిక. 4క³ − క + 6 కి 2క² + 5క − 9 కలపాలి. పై వరుసలో క² లేదు కాబట్టి ఆ చోటు ఖాళీగా వదిలేయాలి, 4006 లో సున్నాలు వేసినట్టే. జవాబు 4క³ + 2క² + 4క − 3.

అసలు తిప్పలు తీసివేతలో. (5క² + 3క − 2) − (2క² − 4క + 7) కి నా జవాబు 3క² − క + 5. మైనస్‌ని మొదటి పదానికే ఇచ్చి మిగతావి కూడేశాను. రెండు రాత్రులు ఇదే తప్పు. చివరికి చీటీల లెక్క గుర్తొచ్చింది. నా ఖాతాలో నాలుగు వందల బాకీ ఉంది, దాన్ని కొట్టేశారు. అంటే నాకు నాలుగు వందలు కలిసొచ్చినట్టే కదా! −4క ని తీసేయడమూ అంతే, 4క కలిసినట్టు. బ్రహ్మగుప్తుడు 628 లోనే ధనం, ఋణం అంటూ ఈ నియమాలు చెప్పాడని తర్వాత తెలిసింది. ఋణ సంఖ్య అని రోజూ అంటూనే అందులో అప్పు ఉందని నాకెప్పుడూ తట్టలేదు. ఇప్పుడు బ్రాకెట్ విప్పేటప్పుడు లోపలి గుర్తులన్నీ ముందే తిప్పేసి, ఆ తర్వాతే కూడుతున్నాను: 3క² + 7క − 9.

సరిచూసుకోవడానికి క బదులు 1 పెట్టాను. మొదటి బ్రాకెట్ 6, రెండోది 5; 6 లోంచి 5 పోతే 1. నా కొత్త జవాబులోనూ 1 వచ్చింది. పాత జవాబులో 7. ఎంత సంబరమో! కానీ ఆ 1 ని పూర్తిగా నమ్మకూడదు. నా మొదటి తప్పుకి, అంటే 3క² + 2క కి, 5క³ కి 1 పెట్టి చూడండి, రెండూ 5 అవుతాయి. 2 పెడితే దొంగ దొరుకుతాడు: ఒకటి 16, ఇంకోటి 40. అప్పట్నుంచి 2 తోనే చూసుకుంటున్నాను.

నిన్న గుణకారం పాఠం తెరిచాను. 3క² ని 2క తో గుణిస్తే 6క³ అట. ఘాతాంకం కదలదని ఇప్పుడిప్పుడే నమ్ముతుంటే, ఇక్కడ కదిలింది. మా అమ్మాయి నిద్రపోయింది, పొద్దున అడగాలి.