శేషుని తోక నుంచి తల దాకా

కాచిగూడలో రాత్రి వెంకటాద్రి ఎక్కితే తెల్లారేసరికి తిరుపతి. ఇన్నేళ్లూ మాకు తెలిసిన దారి అదే. ఈసారి అమ్మకు మోకాళ్ల నొప్పులు, కింది బెర్తులేమో దొరకలేదు. దాంతో శంషాబాద్ నుంచి రేణిగుంటకు విమానం టికెట్లు తీశాను. అమ్మ విమానం ఎక్కడం అదే మొదటిసారి.

"ఎంతసేపురా?" అంది. టికెట్టు మీద గంటా ఇరవై నిమిషాలని ఉంది. అమ్మ నమ్మలేదు. కర్నూలు, కడప మీదుగా రోడ్డు దారి దాదాపు 560 కిలోమీటర్లు. అదే రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా గీత గీస్తే 420 కిలోమీటర్లే. మలుపులన్నీ పోతాయి కదా. టికెట్టు మీద వేసే సమయంలో విమానం రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, దిగాక మళ్లీ వచ్చి ఆగడం కూడా కలిసే ఉంటాయి. మేం గాలిలో ఉన్నది గంట పైన ఐదు నిమిషాలే.

మాది ఏటీఆర్, పంకాలు తిరిగే చిన్న విమానం. జెట్ గంటకు 800 కిలోమీటర్ల పైన పోతుంది, ఇది 500 దగ్గరే. అయినా ఇంత తక్కువ దూరానికి పెద్ద తేడా రాదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఒక మాట: వీల్‌చైర్ టికెట్ తీసేటప్పుడే అడగండి. అమ్మ మొదట వద్దంది, సెక్యూరిటీ క్యూ చూశాక కూర్చుంది.

ఏటీఆర్‌కు రెక్కలు కిటికీల పైన ఉంటాయి, ఎత్తు కూడా మరీ ఎక్కువ పోదు. కింద నేలంతా కనిపిస్తుంది. ఇరవై నిమిషాలకు అడవి మధ్య కృష్ణమ్మ వంపులు తిరుగుతూ కనిపించింది. ఫోన్‌లో మ్యాప్ ముందే దించిపెట్టుకున్నాను, చూస్తే శ్రీశైలం పక్కనే ఉన్నాం. ఆ మాట చెప్పగానే అమ్మ చేతులు జోడించింది.

"శ్రీశైలం ఆదిశేషుడి తోక, అహోబిలం నడుము, తిరుమల తల. మీ నాయన చెప్పేవాడు" అంది.

ఆ కథ చిన్నప్పుడు నేనూ విన్నాను. కానీ నల్లమల కొండలు ఒకదాని వెనక ఒకటి వంకరలు తిరుగుతూ దక్షిణానికి సాగిపోతుంటే, నిజంగానే పాము ఒళ్లులా అనిపించింది. తరువాత పెన్నా, సోమశిల నీళ్లు. ఆ తరువాత శేషాచలం ఎర్రటి రాతి అంచులు. అమ్మ కళ్లు తుడుచుకుంది, నేను మాట్లాడించలేదు.

రేణిగుంట నుంచి తిరుపతి పదిహేను కిలోమీటర్లు. అలిపిరిలో తనిఖీ అయ్యాక ఘాట్ రోడ్డు. 28 నిమిషాల కంటే ముందు పైకి చేరకూడదని నియమం, డ్రైవర్ గడియారం చూసుకుంటూనే నడిపాడు. ఇంట్లో ఉదయం ఐదున్నరకు బయల్దేరిన మేం కొండమీద గదికి చేరేసరికి ఒంటిగంట. అందులో విమానం ఎగిరింది గంటే. మిగతాదంతా ఎదురుచూపులూ, కార్లూ.

మర్నాడు దర్శనం బాగా జరిగింది. దిగేటప్పుడు మోకాళ్ల మెట్టు దగ్గర నడక భక్తులు కనిపించారు. పెళ్లయిన కొత్తలో అమ్మ, నాయన అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి వచ్చారు. అమ్మ కారు కిటికీ దించి, మెట్ల పక్కన ఒక చెట్టు చూపించింది.

"అదిగో, ఆ నీడనే కూర్చున్నాం. మీ నాయన నా కాళ్లు పట్టాడు."