దంతోష్ఠ్యాలను నేను అద్దంలో చదివిన విధం

యూజీసీ నెట్ (కళాశాల అధ్యాపక అర్హత పరీక్ష) తెలుగుకు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. సింగరాయకొండ నుండి రోజూ ఒంగోలు వెళ్లి ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతూ, మిగిలిన వేళల్లో చదువుకొని, మూడవ ప్రయత్నంలో అర్హత సాధించాను. మొత్తం 150 ప్రశ్నల గురించీ రాయబోవడం లేదు. తేలికే కదా అని అందరం దాటిపోయే వర్ణోత్పత్తి స్థానాల (నోటిలో ఏ ధ్వని ఎక్కడ పుడుతుందన్న విషయం) గురించి, అందులోనూ పెదవీ పన్నూ కలిసి పుట్టించే ధ్వనుల గురించి మాత్రమే చెబుతాను.

ప ఫ బ భ మ ఓష్ఠ్యాలని (రెండు పెదవులతో పుట్టేవని), వ దంతోష్ఠ్యమని (పెదవీ పన్నూ కలిసి పుట్టేదని) చిన్నప్పటి నుండి నాకు కంఠస్థమే. అయినా ఒక మాదిరి పరీక్షలో 'ఫలము', 'ఆఫీసు' అనే రెండు మాటలిచ్చి వాటిలోని ఫకారాల స్థానాలను అడిగితే రెండింటికీ ఓష్ఠ్యమనే గుర్తు పెట్టాను. అక్షరం ఒకటే కనుక ధ్వనీ ఒకటేననుకున్నాను. ఆ రాత్రి అద్దం ముందు కూర్చొని రెండు మాటలనూ మెల్లగా పలికి చూశాను. సంప్రదాయం చెప్పే 'ఫలము'లో రెండు పెదవులూ పూర్తిగా మూసుకొని, విడివడగానే గాలి బలంగా వెలువడాలి. అది మహాప్రాణ స్పర్శం. 'ఆఫీసు'లో పెదవులు మూసుకోవు. కింది పెదవి పై పళ్ల అంచుకు ఆని, ఆ సన్నని సందులో నుండి గాలి రాసుకుంటూ వస్తుంది, కనుక అది దంతోష్ఠ్యమైన ఊష్మం. నేడు మనలో చాలామందిమి 'ఫలము'ను కూడా పళ్లతోనే పలుకుతున్నామని మా తరగతి పిల్లల చేత పలికించినప్పుడు గమనించాను. అందువల్ల ప్రశ్న అడుగుతున్నది సంప్రదాయ వ్యాకరణాన్నా, వాడుకలోని ఉచ్చారణనా అన్నది ముందుగా చూసుకోవాలి.

స్థానం ఒక్కటే తెలిస్తే చాలదు. ఇంగ్లీషు 'వ్యాన్'లోని మొదటి ధ్వనికీ మన 'విల్లు'లోని వకారానికీ స్థానం ఒకటే, రెండూ నాదాలే (గొంతులోని తంత్రులు కంపించగా పుట్టేవే). కానీ మొదటిదానిలో గాలి రాపిడి వినిపిస్తుంది, రెండవదానిలో పెదవి పంటిని సమీపించి ఊరుకుంటుంది. మన వ్యాకరణాలు వకారాన్ని అంతస్థాలలో (య ర ల వ లలో) చేర్చి, దాని ప్రయత్నాన్ని ఈషత్స్పృష్టమన్నది (కొద్దిగా మాత్రమే తాకేదన్నది) ఇందుకే. 'సింఫనీ' అన్నప్పుడు ఫకారానికి ముందున్న సున్న కూడా పెదవీ పన్నూ కలిసే చోటనే పుడుతుంది; ఈ అనునాసికానికి (ముక్కుతో పలికే ధ్వనికి) అంతర్జాతీయ ధ్వనిలిపిలో కొక్కెమున్న ఎమ్ అక్షరం ఉంది.

ఒంగోలు పేరులోనే మరొక పాఠం ఉంది. మా పిల్లల్లో సగం మంది 'వొంగోలు' అని రాస్తారు, ఎందుకంటే వారికి వినిపించేది అదే. వు వూ వొ వోలు తెలుగు మాటలకు మొదట లేవని 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పిన సూత్రం నాకు నిజంగా అర్థమైనది ఆ తప్పులు దిద్దుతున్నప్పుడే. ఒకారం కోసం పెదవులు గుండ్రమవుతుండగా ముందు సన్నగా వినిపించే ఆ వకారం రెండు పెదవులతోనే పుడుతుంది, పంటి పని అందులో లేదు. ఒకారాన్ని కంఠోష్ఠ్యమని (కంఠమూ పెదవులూ కలిసి పుట్టేదని) ఎందుకన్నారో కూడా అప్పుడే తెలిసింది.

ఆ ఒంగోలులోనే 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు జీవితమంతా కృషి చేసిన ద్రావిడ తులనాత్మక భాషాశాస్త్రానికి (ద్రావిడ భాషలను ఒకదానితో ఒకటి పోల్చి చూసే శాస్త్రానికి) కూడా ఈ వకారం మంచి దారి చూపుతుంది. మన 'విల్లు' కన్నడంలో 'బిల్లు', మన 'వేరు' అక్కడ 'బేరు'. మూలద్రావిడ (ద్రావిడ భాషలన్నిటికీ మూలమైన భాష) పదాది వకారం కన్నడంలో బకారమైంది. మనలో మరొక వైపు నుండి పకారమే వకారమవుతుంది. గసడదవాదేశంలో (క చ ట త ప లకు గ స డ ద వ లు వచ్చే సంధికార్యంలో) 'వారు పోరు' అన్నది 'వారు వోరు' కావడం, అచ్చుల నడుమ పెదవుల మూత సడలడమేనని గ్రహించాక ఆ సూత్రాన్ని నేను మళ్లీ బట్టీ పట్టవలసిన అవసరం రాలేదు.

సాహిత్యంలో కూడా దీన్ని వదలకండి. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు ప్రియురాలి పంటిగాట్ల వల్ల పెదవి నొప్పిగా ఉండి, ఓష్ఠ్యాలు లేకుండానే తన కథంతా చెబుతాడు. ఆ కావ్యాన్ని తెలుగు చేసిన కవి కేతన దానిని అంకితమిచ్చినది మన నెల్లూరి తిక్కనకే. ఈ సంగతి చదివిన నాటి నుండి, రైలులో ఒంగోలు చేరేలోగా దినపత్రికలో ఒక పేరా తీసుకొని, రెండు పెదవులూ కలిసే అక్షరాల కింద గీత, పెదవి పంటిని తాకే అక్షరాల కింద చుక్క పెట్టడం అలవాటు చేసుకున్నాను. మొదటి వారం చుక్క పెట్టవలసిన చోట గీతలే ఎక్కువగా పెట్టాను. ముఖ్యంగా 'కాఫీ', 'ఫోను', 'ఫీజు' వంటి మాటల దగ్గర.