హై-హ్యాట్ ఎడమ కాలు: ఇప్పటిదాకా వచ్చింది, ఇంకా రావాల్సింది

ఈ మధ్య డ్రమ్స్ ప్రాక్టీస్ అంతా ఎడమ కాలి మీదే పెట్టా, అంటే హై-హ్యాట్ (స్టాండ్ మీద ఒకదానిపై ఒకటి ఉండి పెడల్ నొక్కితే మూసుకునే రెండు సింబల్స్) మీద. చేతులు ఒక దారికి వచ్చాయి, కిక్ (కుడి కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కూడా పర్లేదు, కానీ పెడల్ నొక్కిపెట్టి స్టిక్‌తో మాత్రమే వాయిస్తుంటే హై-హ్యాట్‌లో సగం వాడనట్టే అనిపించింది. అసలు అది పుట్టిందే కాలి కోసం కదా, 1920ల్లో వచ్చిన దాని పాత రూపం లో-బాయ్ నేలకి దగ్గరగా ఉండేది, కాలితో తప్ప వాయించడం కుదరదు, తర్వాత రాడ్ పొడుగు చేసి పైకి లేపారు, 1930ల్లో కౌంట్ బేసీ జాజ్ బ్యాండ్‌లో డ్రమ్మర్ జో జోన్స్ టైమ్ (లయ) మొత్తాన్ని దాని మీదే నడిపించాడు.

ముందు సెటప్ సంగతి, ఎందుకంటే ఇది సరిగ్గా లేకపోతే కాలు ఎంత కష్టపడినా సౌండ్ రాదు. నావి 14 అంగుళాల సింబల్స్, రెండింటి మధ్య గ్యాప్ సుమారు ముప్పావు అంగుళం. కింది సింబల్ పూర్తిగా ఫ్లాట్‌గా ఉంటే మూసినప్పుడు మధ్యలో గాలి ఇరుక్కుని చిక్ (కాలితో మూసినప్పుడు వచ్చే పొట్టి శబ్దం) చచ్చిపోతుంది, అందుకే సీట్ కింద ఉండే చిన్న స్క్రూ తిప్పి కొంచెం వంచాలి (పైస్టే అనే సింబల్ కంపెనీ వాళ్ళు కింది సింబల్ అంచుని అలల్లా చేసేది కూడా ఈ గాలి పోవడానికే). క్లచ్ (పై సింబల్‌ని రాడ్‌కి పట్టి ఉంచేది) నట్లు పైదాన్ని మరీ బిగించేస్తే సింబల్ ఊపిరాడనట్టు మోగుతుంది, కాస్త ఆడేలా ఉంచాలి, కానీ కింది నట్ మాత్రం గట్టిగా ఉండాలి, లేకపోతే వాయిస్తుండగానే ఊడి సింబల్ కిందపడుతుంది. స్టూల్ ఎత్తు తుంటి మోకాలి కన్నా కొద్దిగా పైన ఉండేలా.

ఇక చిక్. మడమ పెడల్ మీదే ఆనించి వేళ్ళ వైపు మాత్రం లేపి దించడం, హీల్-డౌన్, దీంతోనే మొదలుపెట్టా. 60 టెంపోలో (నిమిషానికి 60 బీట్లు), నాలుగు బీట్లలో 2, 4 మీద మాత్రమే. వినడానికి ఈజీ కానీ మోకాలి కింద ముందు వైపు కండ లాగేస్తుంది, మంట మొదలైతే ఆపి కాలు విదిలించుకుని మళ్ళీ మొదలుపెట్టడమే మంచిది. గట్టి సౌండ్ కావాలంటే మడమ లేపి కాలు మొత్తం దించాలి, హీల్-అప్, కానీ అందులో కిక్ కాలు కూడా గాల్లో ఉంటే నడుము మీద బ్యాలెన్స్ అంతా పడుతుంది, అందుకే నెమ్మది పాటలకి హీల్-డౌన్, రాక్‌కి హీల్-అప్ అని పెట్టుకున్నా. ఏదైనా సరే దిగాక ఒక్క క్షణం మూసే ఉంచాలి, అప్పుడే చిక్ తెగినట్టు వస్తుంది.

స్ప్లాష్ దీనికి పూర్తిగా రివర్స్. భజనలో తాళాలు వేసేవాళ్ళని గమనించండి, అదిమిపెడితే చక్ మని ఆగిపోతుంది, తాకించి వెంటనే విడదీస్తే ఖంగున మోగుతుంది, ఇక్కడా అంతే. నొక్కడం చిన్నది, వదలడం వేగం. బలంగా తొక్కితే రాదు, పాదం వెనక్కి ఎంత త్వరగా వస్తే అంత బాగా మోగుతుంది. నాకు ఇప్పుడు బాగా వస్తోంది, వాల్యూమ్ మాత్రం ఇంకా ఒకేలా రావట్లేదు.

జాజ్ వాళ్ళ రాకింగ్ మోషన్ నాకు అన్నిటికన్నా నచ్చింది. 1, 3 మీద మడమ దిగుతుంది, 2, 4 మీద వేళ్ళు, అంటే సౌండ్ రెండు బీట్ల మీదే వచ్చినా కాలు నాలుగూ లెక్కపెడుతూనే ఉంటుంది, టెంపో జారదు. ఇది కుదిరాక డ్రమ్మర్ టోనీ విలియమ్స్ 1960ల్లో ట్రంపెటర్ మైల్స్ డేవిస్ గ్రూప్‌లో చేసినట్టు నాలుగు బీట్లూ చిక్ వేసి చూశా, టైమ్ ఎంత ముందుకు తోస్తుందో కాలికే తెలుస్తుంది.

అసలు యుద్ధం 'అండ్' మీద, అంటే రెండు బీట్లకి సరిగ్గా మధ్యలో. నోటితో తకధిమి అనుకుంటూ త మీద కిక్, ధి మీద ఎడమ కాలు, స్నేర్ (చేతులతో వాయించే ముందున్న డ్రమ్) మీద సింగిల్ పారాడిడిల్ (కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ). చేతులు లేకుండా అయితే 90లో హాయిగా నడుస్తోంది, పారాడిడిల్ కలిపితే 70 దాటగానే ఎడమ కాలు కిక్‌తో కలిసిపోవడానికి పరిగెడుతుంది. ఫోన్‌ని హై-హ్యాట్ దగ్గర నేల మీద పెట్టి రికార్డ్ చేసి వింటున్నా, వాయిస్తున్నప్పుడు చెవికి దొరకని ఫ్లామ్‌లన్నీ (ఒకేసారి పడాల్సిన రెండు దెబ్బలు కొద్ది తేడాతో పడటం) అందులో దొరికిపోతాయి. డిస్కో బీట్ కూడా ఇందుకు మంచి మందు, అండ్ మీద ఓపెన్, బీట్ మీద క్లోజ్, కాలు లేచేది స్టిక్ తగలడానికి వెంట్రుకవాసి ముందు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి ఒక మాట, ఈ ప్రాక్టీస్‌కి కిట్ మొత్తం అక్కర్లేదు, స్టాండ్ కింద మందపాటి రబ్బర్ మ్యాట్, సింబల్స్ మధ్య పల్చని గుడ్డ చాలు, చేతులకి ప్యాడ్. కానీ స్ప్లాష్ గుడ్డతో నేర్చుకోలేం, దానికి ఆదివారం మధ్యాహ్నాలే గతి.

తర్వాతి టార్గెట్ తకిట నడకలో ఎడమ కాలు, తీన్మార్ లాంటి 6/8 బీట్‌కి మొదటి త మీద చిక్, రెండో తకిటలో స్ప్లాష్. 60లో మొదలుపెట్టా, స్ప్లాష్ తర్వాత కాలు టైమ్‌కి మళ్ళీ మూసుకోవట్లేదు, ప్రస్తుతం దాని మీదే కూర్చున్నా.