గుంపులోనే ఉన్నాడనుకొని (లూకా 2:41-52)

పన్నెండేళ్ల యేసు యెరూషలేములోనే ఉండిపోయిన సంగతి ఎరుగని మరియమ్మ, యోసేపులు, ఆయన తోటి యాత్రికుల గుంపులోనే ఉన్నాడనుకొని ఒక దినపు ప్రయాణం సాగించారు. బంధువులూ పరిచయస్తులూ ఉన్న గుంపు కనుక ఆ నమ్మకం సహజమే. మనమూ గాయకబృందం, సత్యోపదేశ తరగతి, విచారణ (పారిష్) యాత్ర అనగానే అంతా మనవాళ్లేనని నిశ్చింతగా ఉంటాము. కాని పిల్లలపై లైంగిక అకృత్యాలకు పాల్పడేవారిలో అత్యధికులు ఆ పిల్లలకు తెలిసినవారే, కుటుంబం నమ్మినవారే. వారిలో గురువులూ (ఫాదర్లూ) ఉన్నారని శ్రీసభే (కతోలిక సంఘమే) బాహాటంగా ఒప్పుకొన్నది.

లైంగిక విషయాల బోధన తల్లిదండ్రుల మౌలిక హక్కు, బాధ్యత అని రెండవ జాన్‌పాల్ పోపుగారు కుటుంబాన్ని గూర్చిన 1981 నాటి ప్రబోధంలో స్పష్టం చేశారు. శరీరభాగాల పేర్లు దాచకుండా చెప్పడం, ఇష్టంలేని స్పర్శను ఎవరిదైనా సరే వద్దనవచ్చునని నేర్పడం పసితనంలోనే మొదలుకావాలి. అయితే మన ఇళ్లలో దీనికి అడ్డుపడుతున్నది, నా ఉద్దేశంలో, సిగ్గుకన్నా, తల్లిదండ్రులను గౌరవించమనే నాలుగవ ఆజ్ఞను మనం బోధించే తీరే. ఫాదర్‌గారి మాటకు ఎదురు చెప్పకూడదని పెంచిన బిడ్డ, ఆ ఫాదర్‌గారే హద్దు మీరితే ఏమి చేయాలి? పెద్దల ఆదేశమొకదానిని పాటించడం తప్పని బిడ్డ మనస్సాక్షికి రూఢిగా తోస్తే దానిని పాటించరాదని కతోలిక శ్రీసభ సత్యోపదేశం అనే గ్రంథం (2217వ పేరా) చెబుతున్నది. ఈ మాట ప్రథమ సత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్‌కు) సిద్ధపరిచేటప్పుడే పిల్లల చెవిన పడాలి. పాపసంకీర్తన (కన్ఫెషన్) రహస్యం గురువును బంధిస్తుందే గాని పాపాలు చెప్పుకొన్న బిడ్డను బంధించదని, అక్కడ ఏది ఇబ్బంది కలిగించినా ఇంట్లో చెప్పవచ్చునని కూడా చెప్పాలి.

వెదుకుతూ తిరిగివచ్చిన తల్లిదండ్రులకు దేవాలయంలో యేసు ఇచ్చిన జవాబు బోధపడలేదని లూకా దాచకుండా వ్రాశాడు. అయినా మరియమ్మ ఆ మాటను కొట్టిపారేయక మనసులో పదిలపరచుకొన్నది. బాధపడిన బిడ్డ మాటలు కూడా ఒక్కసారిగా అర్థం కావు. "ఇక పాటల ప్రాక్టీసుకు పోను" అన్నంతవరకే రావచ్చు. "అంత మంచివారి గురించి అలా అంటావా?" అని గద్దిస్తే ఆ నోరు మూతపడుతుంది, "నీ మాట నమ్ముతున్నాను, తప్పు నీది కాదు" అంటే మిగిలినది మెల్లగా బయటికి వస్తుంది. ఆపై పోలీసులకూ బిషప్‌గారి పీఠానికీ తెలియజేయడం పెద్దల పని. విచారణ పరువు పోతుందని ఎవరైనా వారిస్తే, ఫిర్యాదు చేసినవారిపై మౌనం విధించరాదని పోపు ఫ్రాన్సిస్‌గారు 2019లో చట్టమే చేశారని వారికి గుర్తుచేయవచ్చు.