రోహిణి కార్తె, మూడో రోజు

మే 27, రాత్రి.

పొద్దున అయిదున్నరకు వాకిలి చల్లి, లోపలికి పోయి ముగ్గు డబ్బా తెచ్చేలోపు సగం ఆరిపోయింది. మళ్ళీ చల్లి గబగబా నాలుగు గీతలు గీసి వచ్చాను. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మా ఇంట్లో రోలు అత్తమ్మ కాపురానికి వచ్చినప్పటిది, అది గట్టిగానే ఉంది. పగిలినవి నా మడిమలే.

పాలు పోసే అక్క అప్పుడే వచ్చింది. ఈ నెలంతా మా గల్లీలో పలకరింపే మారిపోయింది. మామూలుగా అయితే "తిన్నవా, ఏం కూర?" అంటారు. ఇప్పుడు ఎవరు ఎదురైనా ముందు ఎండ మాట.

"ఏం ఎండలు చెల్లె, బర్లు గూడ పాలు తక్కువిస్తున్నయి."

"నిన్న 44 అంటక్కా."

"ఒక్క వాన పడ్తే మంచిగుండు."

దానికి నేను "ఊఁ" అన్నాను, అంతే. పడాలి అని నోరు తెరిచి అనలేకపోయాను. తమ్ముడి యాసంగి వడ్లు తొమ్మిది రోజుల నుంచి కొనుగోలు సెంటర్ దగ్గర కుప్ప పోసి ఉన్నాయి. తేమ పదిహేడు శాతం లోపు ఉంటేనే కాంటా వేస్తారు. వాడు రోజూ పొద్దున కుప్ప నేర్పి, కాళ్ళతో సాళ్ళు తీసి, సాయంత్రం మళ్ళీ కుప్ప చేసి పట్టా కప్పుతున్నాడు. మొన్నటికి పదహారుకు వచ్చింది. తేమ దిగిందంటే సంచులు లేవు, సంచులు వచ్చాయంటే లారీ లేదు. మమ్మల్ని ఇంత వేపుతున్న ఎండే అక్కడ వాడి కూలి లేని జీతగాడు. ఈ సంగతి పాలక్కకు చెబితే అర్థం చేసుకుంటుంది, కానీ గిన్నె పట్టుకుని వాకిట్లో అంత కథ ఎవరు చెబుతారు?

ఈ వారంలో పద్నాలుగు బ్లౌజులు ఇవ్వాలి. అందులో మూడు రేపటి పెళ్ళివి. ఎండాకాలం నా మిషన్ టైం వేరే. ఆరు నుంచి పది దాకా కుట్టుడు, పది తర్వాత కత్తిరింపులు, మధ్యాహ్నం హుక్కులు, కాజాలు, మళ్ళీ నాలుగు దాటాక మిషన్. ఇస్త్రీ మాత్రం తెల్లవారుజామునే. మే నెల మధ్యాహ్నం ఇస్త్రీ పెట్టె ముందు నిలబడమని పగవాళ్ళకు కూడా చెప్పొద్దు.

మా కూలర్ గురించి ఒక మాట రాయాలి. పోయినేడు గడ్డి అట్లాగే ఉంచేశాం. ఈసారి తీసి చూస్తే మూడు పక్కలా తెల్లగా పెచ్చు కట్టి, అప్పడంలాగా విరిగింది. అదంతా బోరు నీళ్ళ ఉప్పు. మా ఆయన ప్రకాశం బజార్ పోయి కొత్త గడ్డి తెచ్చి కట్టాడు. మొదటి రోజు ఆ తడి కట్టె వాసనకు ఇల్లంతా కొత్త ఇల్లులాగా అనిపించింది. కానీ అత్తమ్మకూ నాకూ కిటికీ దగ్గర రోజూ కొట్లాటే. ఆమె "సల్లగాలి బయటికి పోతది" అని మూసేస్తుంది. మూస్తే పావుగంటలో గది నిండా తేమ, ఒళ్ళంతా జిగట. కూలర్ అంటే ఏసీ కాదు, వెనక నుంచి పొడిగాలి రావాలి, ముందు నుంచి తడిగాలి పోవాలి, అప్పుడే చల్లదనం అని చెప్పి చెప్పి అలిసిపోయాను. ఆమె కన్ను మూతపడగానే తెరుస్తాను. ఆమె లేవగానే మూస్తుంది.

రంజన్, అదే తాగే నీళ్ళ మట్టికుండ దగ్గర మాత్రం ఆమె మాటే నెగ్గుతుంది. కింద ఇసుక పోసి, ఇసుక తడిపి, రంజన్ చుట్టూ గోనెపట్టా కట్టి పెట్టింది. ఫ్రిజ్ నీళ్ళు తాగితే గొంతు పట్టేస్తుంది, ఈ నీళ్ళు తాగితే కడుపు చల్లబడుతుంది. ఆ చెంబు ఎత్తినప్పుడల్లా ఆమె తన పుట్టిల్లు మర్రిగూడ దిక్కు సంగతి ఎత్తుతుంది. చిన్నప్పుడు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగి తోటి పిల్లల కాళ్ళు ఎట్లా వంకర్లు పోయాయో, పండ్ల మీద గోధుమరంగు చారలు ఎట్లా పడ్డాయో చెబుతుంది. నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా మన నల్లగొండ పేరే పెట్టారు. పేరు రావడం సంగతి అట్లా ఉంచితే, దేని వల్ల వచ్చిందో తలుచుకుంటే సంతోషించబుద్ధి కాదు. ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. అయినా ఆమె మొదటి గుక్క నోట్లో కాసేపు ఆపి, రుచి చూసి గానీ మింగదు.

తొమ్మిదిన్నరకు నా కొంప మునిగింది. చిలకపచ్చ పట్టు బ్లౌజు, చేతులకు మగ్గం వర్క్, పెళ్ళికూతురి తల్లిది. మెడ పట్టీ తిప్పి కుడుతున్నాను. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, మోటారు ఆగింది. కాలితో తొక్కుతూ నాలుగు కుట్లు వేశానో లేదో, నుదుటి మీద నుంచి జారిన చెమట చుక్క ముక్కు చివర ఆగింది. ఆగినట్టు తెలుస్తూనే ఉంది. రెండు చేతులూ బట్ట మీదున్నాయి, తుడుచుకునే వీల్లేదు. తల పక్కకు తిప్పేలోపే టప్పున పడింది. కుడి భుజం కింద, సరిగ్గా కనబడేచోట. పచ్చరంగులో ముదురుపచ్చ చుక్క. చూస్తుండగానే పావలా బిళ్ళంత అయింది.

టెన్షన్‌తో చేతులు వణికాయి. రుద్దితే పోగు లేస్తుందని తెల్లబట్ట పెట్టి అద్దాను. అత్తమ్మ వచ్చి చూసి "పౌడరెయ్" అంది. పౌడరేశాం. కరెంటు వచ్చాక ఫ్యాను కింద ఆరబెట్టి దులిపితే చుక్క పోయింది, దాని అంచు ఉండిపోయింది. సన్నటి గీత, గుండ్రంగా. వెలుతురుకు ఒక వైపు తిప్పితే కనబడదు, ఇంకో వైపు తిప్పితే అదే కనబడుతుంది.

పదకొండు తర్వాత మా ముందరి గది దర్బారు అవుతుంది. ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళు కూలర్ ముందు కూర్చుంటే పని అయిపోయినా లేవరు. నేనూ లేవమనను. బయటికి పంపే ఎండా అది? ఇవ్వాళ ఎదురింటి పెదనాయన కూడా వచ్చాడు. ఆర్టీసీలో కండక్టర్ చేసి రిటైరయ్యాడు. ఆయన మనవడు డిగ్రీ చదువుతున్నాడు, వాడూ వెంట వచ్చాడు.

"పేపర్ల 44 ఏసిండు. నా బండి సీటు మీద గుడ్డు కొడ్తే ఆమ్లెట్ అయితది. 44 అబద్ధం," అన్నాడు పెదనాయన.

"తాతా, వాళ్ళు నీడల కొలుస్తరు. తెల్లరంగు చెక్క పెట్టె, గాలి ఆడుతుంటది, దాన్ల పెడ్తరు థర్మామీటర్. నీ సీటు ఎండల ఉంది."

"నీడల ఉంటే మనం గూడ నీడల ఉందుము. ఎండల తిరిగెటోని సంగతి కొలువాలె గని!"

నాకు పెదనాయన మాటే సబబుగా తోచింది. పిల్లోడు ఇంకోటి చెప్పాడు. మైదాన ప్రాంతంలో 40 తాకి, ఆ రోజు మామూలుగా ఉండే దానికన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగితేనే లెక్క ప్రకారం వడగాలి అట. 45 తాకితే మాత్రం మామూలు ఎంతో చూడకుండానే వడగాలి అంటారట. మన దగ్గర మే నెలలో మామూలే 40 దాకా ఉంటుంది కాబట్టి 44 కు కూడా ఆ పేరు రాదన్నాడు. ఇంత ఉడికి, ఇంత కారి, చివరికి లెక్కలోకే రాలేదన్నమాట.

నవ్వుకున్నాం గానీ 2015 మాట రాగానే అందరం చప్పబడ్డాం. ఆ మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా ఎండకు పోయారు. తెలంగాణలో మన జిల్లా వాళ్ళే ఎక్కువ. పెదనాయన అప్పుడు ఇంకా డ్యూటీలో ఉన్నాడు. దేవరకొండ బస్సులో ఒక ముసలాయన టికెట్ తీసుకుని, చిల్లర తీసుకోకుండానే సీట్లో ఒరిగిపోయాడట. నీళ్ళు చల్లి, తడిబట్ట వేసి, బస్సు నేరుగా ఆసుపత్రికి తోలించాడు. బతికాడా అని ఎవరో అడిగారు. "బతికిండు. తెల్లారి డిపోకొచ్చి చిల్లర అడిగిండు," అన్నాడు. మళ్ళీ నవ్వులు.

ఫాల్ కోసం వచ్చిన వదిన "ఎక్కడికన్నా సల్లని జాగకు పోవాలె, ఊటీకో ఏడికో," అంది. అత్తమ్మ వెంటనే, "ఊటీ దాకెందుకు, పానగల్ పో. ఛాయా సోమేశ్వరంల పొద్దంత నీడనే," అంది. నిజమే కదా, ఆ గుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఉంటుంది. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఈ ఊళ్ళో అంత నీడ ఎవరికి దొరుకుతుంది, శివుడికి తప్ప!

మధ్యాహ్నం అన్నం ఎవరికీ దిగలేదు. తైద అంబలిలో సల్ల పోసి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగాం. మూడింటికి ముంజలాయన కేక వేశాడు. డజను వంద అన్నాడు, ఎనభైకి ఇచ్చాడు, పదమూడు పెట్టాడు. లేత ముంజ తినేటప్పుడు మా చిన్నోడు వేలితో పొడుస్తాడు, నీళ్ళు ముఖం మీద చింది కేరింతలు కొడతాడు. నాకు మాత్రం తోలు ఒలిచి, చల్లటి కండను ఒక నిమిషం రెప్పల మీద పెట్టుకోవడం ఇష్టం. అత్తమ్మ చూస్తే తిండితో ఆటలేంది అంటుంది. రెండు ముదురువి వచ్చాయి. కడుపునొప్పి వస్తుందని పక్కన పెట్టాం, పెదనాయన వాటిని వదల్లేదు.

అయిదున్నరకు పెళ్ళికూతురి తల్లి వచ్చింది. దాచి ఇవ్వాలని మనసు ఒకటే లాగింది. ఇస్త్రీ మడత పైకి పెట్టి కవర్లో వేస్తే రేపటి దాకా కనబడదు. కానీ చెప్పేశాను. "అక్కా, చెమట చుక్క పడ్డది, చూడు. కుట్టుకూలి ఇయ్యొద్దు." ఆమె కిటికీ దగ్గరికి తీసుకుపోయి తిప్పి తిప్పి చూసింది. ఆమె తొడుక్కున్న కాటన్ బ్లౌజు వీపంతా తడిసి ముద్దయి ఉంది.

"రేపు పదకొండు గంటల ముహూర్తం. ఫంక్షన్ హాల్ల ఏసీ లేదు. పన్నెండు కల్లా ఇదంత నీ చుక్కనే అయితది," అని నవ్వి డబ్బులు నా మిషన్ మీద పెట్టింది. నేను యాభై వెనక్కి ఇచ్చాను. ఆమె ఇరవై తీసుకుని ముప్పై వదిలేసింది. ఎందుకు అట్లా పంచిందో నాకు ఇప్పటికీ లెక్క తెగలేదు.

ఏడు గంటలకు పడమటి దిక్కు నల్లబడింది. లతీఫ్ సాబ్ గుట్ట మీద దీపాలు దుమ్ములో మసకబారాయి. గాలి దుమారం ఒక్కసారిగా లేచింది. తీగ మీద బట్టలు, పక్కింటి రేకు, ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ, అన్నీ గల్లీలో దొర్లుతున్నాయి. కరెంటు పోయింది. పిల్లలందరూ బయటికి ఉరికి "వానొచ్చింది వానొచ్చింది" అని ఎగురుతున్నారు. పాలక్క తన వాకిట్లో నిలబడి రెండు చేతులూ చాపింది. మట్టివాసన గుప్పుమంది. నాకూ ముఖం పైకెత్తాలని ఉంది. ఎత్తాను కూడా, ఒక్క క్షణం. అప్పుడే కుప్ప గుర్తొచ్చి లోపలికి పోయి తమ్ముడికి ఫోన్ చేశాను.

ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. పట్టా మీద రాళ్ళు పెడుతుంటాడు, ఫోను ఎక్కడ పెట్టాడో. నాలుగోసారికి ఎత్తాడు. గాలి చప్పుడులో మాట సరిగ్గా వినబడలేదు.

"చుక్క పడలేదక్కా. గాలే. మబ్బు అటే మలిగింది. మీ దిక్కు పడ్డదా?"

"నాలుగు చుక్కలు. నేల గూడ తడవలేదు."

"సల్లబడ్డదా మరి?"

"ఏం సల్లబడుడు, ఉక్క ఇంకా ఎక్కువైంది."

కరెంటు ఎనిమిదింబావుకు వచ్చింది. గల్లీ అంతా ఒక్క గొంతుతో "ఓ" అంది. తొమ్మిదికి స్లాబు మీద నాలుగు బకెట్లు చల్లాం, పెనం మీద చల్లినట్టే సుయ్యిమంది. చాపలు పరిచాం. అత్తమ్మ తడి తువాలు పొట్ట మీద వేసుకుని పడుకుంది. మా ఆయన, చిన్నోడు పానగల్ చెరువు కట్ట మీదికి పోయి గాలి తిని వచ్చి, అక్కడ ఎంత చల్లగా ఉందో చెప్పి నన్ను ఉడికించారు.

ఇందాక తమ్ముడే మళ్ళీ ఫోన్ చేశాడు. రాత్రి కుప్ప దగ్గరే పడుకుంటున్నాడట. సంచులు వచ్చాయట, రేపు సాయంత్రం కాంటా పెడతామన్నారట.

"అక్కా, నీ ఫోన్ల చూడు. రేపు ఎట్లుందో."

చూశాను. మబ్బు బొమ్మ లేదు. సూర్యుడు ఒక్కడే.

"45 అంటున్నదిరా."

"మంచిగైంది," అన్నాడు.